నీటి వెంట మూడు రోజులు



హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో వెళ్లేవారికి సూర్యాపేట అంటే దిగి టీ తాగే ఊరు. కోదాడ అంటే రాష్ట్ర సరిహద్దు దగ్గరికొచ్చిందని చెప్పే ఊరు. సికింద్రాబాదు నుంచి గుంటూరు పోయే రైలెక్కినవారికి మిర్యాలగూడ అంటే రైసుమిల్లుల ఊరు. రోజూ వేలమంది ఈ మూడు పట్నాల మీదుగా పోతుంటారు. ఆగి, చుట్టుపక్కల ఏముందో చూసి పోదామనుకునేవారు తక్కువ. ఆ కొద్దిమంది ఎక్కువమంది కావాలన్న కోరికతోనే ఈ మాటలు మీతో పంచుకుంటున్నాను.

నేను చెప్పదలచుకున్నది సూటిగా ముందే చెబుతాను. ఇక్కడ మూడు రోజులు ఆగండి. కాలినడకన, సైకిలు మీద, లాంచీలో తిరగండి. తిరిగేటప్పుడు ఆ నేల తెలిసిన మనిషిని ఒకరిని తప్పకుండా వెంట తీసుకోండి.

మనిషి తోడు ఎందుకంటారా? ఆదిలాబాదు వైపు కుంతాల జలపాతం ముందు నిలబడితే పక్కన ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. నీటి హోరే అన్నీ చెబుతుంది. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల నేల అంత తొందరగా మాట్లాడదు. గుట్టలు చిన్నవి. వాగుల్లో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. కాలువ కాలువలాగే ఉంటుంది, చెరువు చెరువులాగే ఉంటుంది. కానీ ఆ రాయి ఎక్కడిది, ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఈ కొంగ ఈ మడిలోనే ఎందుకు వాలింది, ఆ ఊరు ఒడ్డు వదిలి ఎందుకు లేచిపోయింది అని చెప్పేవారు పక్కనుంటే అడుగడుగునా ఆగి చూడాల్సింది కనబడుతుంది.

ముందుగా కాళ్ల కింది నేల సంగతి. సూర్యాపేట చుట్టూ ఉన్నది నల్లరాతి, గులాబిరాతి గుట్టల నేల. గ్రానైటు జాతి రాయి ఇది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం దక్కన్‌లోని ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. వాటి మధ్య ఎర్రచెలకలు, తాటివనాలు, వాననీటిని ఆపి దాచుకున్న చెరువులు. అక్కడి నుంచి దక్షిణంగా కృష్ణ వైపు దిగుతుంటే హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల దగ్గర నేల రంగు మారిపోతుంది. గుండ్రటి బండలు పోయి, పొరలు పొరలుగా పరుచుకున్న సున్నపురాయి కనిపిస్తుంది. ఎప్పుడో ఇక్కడ సముద్రం నిలిచి ఉన్నప్పుడు దాని అడుగున పేరుకున్న రాయి అది. ఈ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు ఇన్ని ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు ఆ పొరల్లోనే ఉంది. ఒక్క పూట ప్రయాణంలో ఇంత భిన్నమైన రెండు నేలల మీద నడవడం మన రాష్ట్రంలో అన్నిచోట్లా కుదిరే పని కాదు.

రాయి తరువాత నీరు. ఈ ప్రాంతానికి మూడు నదుల నీళ్లు అందుతున్నాయి. ఉత్తరాన తుంగతుర్తి, సూర్యాపేట పల్లెలకు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల్లో గోదావరి నీరు వస్తుంది. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి హైదరాబాదు దాటి వచ్చే మూసీ మధ్యగా పారుతుంది. దక్షిణాన నాగార్జునసాగరు ఎడమ కాలువ, దాని కింద సాక్షాత్తు కృష్ణానది. అందుకే మన మూడు రోజుల నడకను నీటి వెంట వేసుకుందాం.

మొదటి రోజు సూర్యాపేట. తెల్లవారక ముందే బయలుదేరి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఫణిగిరి చేరాలి. మూసీలో కలిసే బిక్కేరు వాగు ఒడ్డున ఉన్న గుట్ట ఇది. పడగ విప్పిన పాములా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చిందంటారు. పొద్దు పొడిచే వేళకు గుట్ట ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరక ముందే పైన ఉంటాం. బండల మధ్య మెట్లు, పక్కన సీతాఫలం చెట్లు, రేగు పొదలు. పైకి చేరాక కింద వాగు మెలికలు, చుట్టూ పొలాలు, దూరాన మరో గుట్ట, దాని వెనక ఇంకో గుట్ట.

ఆ గుట్ట మీద ఒకనాడు పెద్ద బౌద్ధారామం ఉండేది. మహాస్తూపం అడుగు, చైత్యాలు, భిక్షువుల విహారాలు, రాతి స్తంభాల మండపం ఇప్పటికీ చూడవచ్చు. 1940ల తొలి ఏళ్లలో హైదరాబాదు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. మళ్లీ 2001 తరువాత జరిపిన తవ్వకాల్లో అద్భుతమైన తోరణపు దూలం, శిల్ప ఫలకాలు, శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో పాలనా సంవత్సరంలో ఆయన ప్రధాన వైద్యుడు ధర్మచక్ర స్తంభం నిలిపిన సంగతి చెప్పే శాసనం వాటిలో ఒకటి. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో కొలువుదీరి ప్రపంచం కళ్లలో పడ్డాయి. 2024లో ఇదే చోట ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి.

గైడు ఇక్కడ చెప్పవలసిన ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మనం ఎక్కిన గుట్ట గ్రానైటు. ఆ శిల్పాలు చెక్కింది మాత్రం సున్నపురాయి మీద. అది ఈ గుట్ట రాయి కాదు, కృష్ణ ఒడ్డు వైపు నేలల్లో దొరికే జాతి. అంటే మూడో రోజు మనం నడవబోయే నేలకు చెందిన రాయిని దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే మనుషులు ఇంత దూరం మోసుకొచ్చి, ఇంత ఎత్తుకు ఎక్కించారు. ఈ మాట విన్నాక ఆ మెట్లు దిగేటప్పుడు కాళ్ల నొప్పుల గురించి ఎవరూ మాట్లాడరు. ఒక విన్నపం. ముఖ్యమైన శిల్పాలను భద్రత కోసం మ్యూజియాలకు తరలించారు. గుట్ట మీద మిగిలిన ఇటుకను, రాయిని ఎవరూ కదిలించకూడదు. జ్ఞాపకంగా ముక్క పట్టుకుపోదామన్న ఆలోచన అసలే వద్దు.

మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా విశ్రాంతి. సాయంత్రం సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఏలిన ఊరు ఇది. ఎరకేశ్వరాలయాన్ని బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించింది. దగ్గర్లోనే నామేశ్వరాలయం, త్రికూటాలయం ఉన్నాయి. వాలుపొద్దు వెలుతురు నునుపైన నల్లరాతి స్తంభాల మీద పడినప్పుడు వాటిలో మన నీడలు కదులుతాయి. గుడులు చూశాక చెరువు వైపు నడవండి. గుడి నిలిపిన చోట చెరువు కూడా తవ్వించడం కాకతీయుల కాలపు రివాజు. కట్ట ఎందుకు అక్కడే వేశారు, తూము ఎక్కడ, నిండినప్పుడు అలుగు ఏ వైపు దుంకుతుంది, ఆ నీళ్లు కింద ఏ చెరువులో పడతాయి అని ఊళ్లోని పెద్ద రైతును అడిగితే గంటసేపు చెబుతాడు. ఆ గంట ఏ పుస్తకంలోనూ దొరకదు.

నడకంటే ఇష్టమున్నవారు మరో పూట కలుపుకుంటే చివ్వెంల మండలంలోని ఉండ్రుగొండ ఉంది. జాతీయ రహదారికి దగ్గరలోనే అడవి, కొండల వరుస, పాత కోటగోడల ఆనవాళ్లు, నరసింహస్వామి గుడి. ఒంటరిగా చెట్లలోకి పోకుండా దారి తెలిసినవారితోనే వెళ్లాలి. ఆ పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరిగేది ఈ గట్టు మీదే. తెలంగాణలో మేడారం తరువాత అంత జనం కూడే జాతర ఇదేనని చెబుతారు. యాదవులు భేరీల మోతతో, గజ్జెల లాగులతో, ఓ లింగా అని పిలుస్తూ గట్టెక్కే ఆ రోజుల్లో జాతీయ రహదారి మీది బండ్లనే వేరే దారికి మళ్లిస్తారు. జాతర లేని రోజుల్లో వెళ్తే ఖాళీ గట్టు, గాలి, కింద పరుగెత్తే రహదారి. రెండూ చూడదగ్గవే.

రోజు ముగిసేది మూసీ ప్రాజెక్టు మీద. 1963లో పూర్తయిన ఈ జలాశయం సూర్యాపేటకు పడమటి దిక్కున, హైదరాబాదు దారిలోనే ఉంది. వానాకాలం గేట్లెత్తినప్పుడు చూడటానికి జనం వస్తారు. చలికాలం పొద్దుగూకే వేళ నీటి అంచున కొంగలు, నీటికాకులు చేరతాయి. దూరం నుంచి చూసి ఆనందించండి. ఈ నీళ్లలో స్నానానికి, ఈతకు దిగవద్దని గైడు గట్టిగా చెప్పాలి. మహానగరం మురుగంతా మోసుకుని వచ్చిన నది ఇది. పాతతరం మూసీలో చెలిమలు తీసి నీళ్లు తాగిందని, ఇప్పుడది కుదరదని పిల్లలకు చెప్పడం కూడా యాత్రలో భాగమే. నదిని చూపించడమంటే దాని ఆరోగ్యం ఎలా ఉందో చెప్పడం కూడా.

రెండో రోజు మిర్యాలగూడ. ఈ రోజంతా కాలువది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. సాగరు దగ్గర బయలుదేరి హాలియా, మిర్యాలగూడ ప్రాంతాలను తడిపి, మూసీని దాటి, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా పాలేరు జలాశయం చేరే ఈ కాలువ మన మూడు పట్నాల జీవితాన్నే మార్చేసింది. జొన్నలు, ఆముదాలు పండిన చెలకల్లో వరి వచ్చింది. వరి వెనక మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ పేరు దేశమంతా వినపడే బియ్యం బజారయింది.

పొద్దున్నే ఆరింటికి కాలువకట్ట మీద సైకిలు తొక్కండి. ఇది మిర్యాలగూడలో దొరికే గొప్ప సుఖం. కట్ట చదునుగా ఉంటుంది, ఎత్తుపల్లాలు తక్కువ. ఒక కిలోమీటరు పోయాక ఆగి, రెండు వైపులా చూడండి. కాలువకు దిగువ వైపు కనుచూపు మేర పచ్చని వరి. ఎగువ వైపు కంపచెట్లు, పత్తి చేలు, మేకలు మేసే బీళ్లు. నేల వాలును పట్టుకుని, ఎత్తు కోల్పోకుండా మెలికలు తిరుగుతూ పోయే కాలువ కనుక నీరు ఒక్క పక్కకే దిగుతుంది. కట్టకు అటూ ఇటూ ఒకే వాన, ఒకే ఎండ. బతుకులు మాత్రం వేరు. నీటిపారుదల అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే తరగతి గదిలో నెల రోజులు పట్టేది ఈ కట్ట మీద నిమిషంలో తెలుస్తుంది.

ఫ్రాన్సులో కెనాల్ దు మిది అనే కాలువ ఉంది. పదిహేడో శతాబ్దంలో తవ్వినది, 240 కిలోమీటర్ల పొడవు. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాని గట్టు మీద సైకిలు తొక్కడానికి, చెట్ల నీడన నడవడానికి దేశదేశాల నుంచి మనుషులు వస్తారు. సాగరు కాలువ తవ్వడానికి పాలమూరు నుంచి, కోస్తా నుంచి, ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి గంపలతో మట్టి మోశారు. ఆ శ్రమకు గుర్తుగా మన కట్టల మీదా కొన్ని మైళ్ల మేర చెట్లు నాటి, కంచె వేసి, సైకిలు దారి చేయవచ్చు. అది పెద్ద ఖర్చు పని కాదు. తలపెట్టేవారు కావాలి, అంతే.

వరిమడుల్లో పక్షులను చూడటం మరో పూట పని. నాగలి, ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎందుకు నడుస్తాయో అందరికీ తెలుసు, లేచే పురుగుల కోసం. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే మరో పెద్ద కొంగ ఉంది. అది మడుల్లోని నత్తలను ఏరుకు తింటుంది. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు, ఈతమట్టలకు గిజిగాడు గూళ్లు వేలాడదీస్తుంది. కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడితే బండి ఆపండి. తెలంగాణ రాష్ట్రపక్షి కదా, నీలిరెక్కలు విప్పి ఎగిరేదాకా ఓపిక పట్టడంలో నష్టమేమీ లేదు. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం చాలు. గైడు తోడుంటే ఏ మడికి ఎప్పుడు నీరు పెడతారో, పక్షులు ఎప్పుడు వాలతాయో ముందే తెలుస్తుంది.

మధ్యాహ్నానికి సాగరు చేరండి. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు, నిండినప్పుడు 590 అడుగుల నీటిమట్టం. మంచి వానలు పడిన ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గేట్లు ఎత్తుతారు. ఆ తుంపర చాలా దూరం వరకు మనిషిని తడిపేస్తుంది. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతే, మునిగిపోతున్న లోయలోంచి ఇటుక ఇటుక పైకి తెచ్చి తిరిగి నిలబెట్టిన కట్టడాలు, మ్యూజియం ఉన్నాయి. నిన్న ఫణిగిరిలో పేరు విన్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల అడుగునే ఉంది. నిన్నటి గుట్ట, నేటి ద్వీపం ఒకే కాలపు కథ. తెలంగాణ ఒడ్డున 274 ఎకరాల్లో 2022 మే నెలలో ప్రారంభమైన బుద్ధవనంలో మహాస్తూపం, ధ్యానవనాలు నెమ్మదిగా నడిచేవారి కోసమే ఉన్నట్టుంటాయి.

ఆనకట్ట దాటి మాచర్ల దారిలో 11 కిలోమీటర్లు పోతే ఎత్తిపోతల. చంద్రవంక నది 70 అడుగుల ఎత్తు నుంచి దూకి కృష్ణ వైపు పోతుంది. కింది మడుగులో మొసళ్లున్నాయి కనుక పైనున్న మంటపాల నుంచే చూడాలి. అక్కడ నిలబడితే చుట్టూ కనిపించే అడవి నల్లమల వైపు సాగిపోతుంది.

మూడో రోజు కృష్ణ ఒడ్డు పట్టుకుని కోదాడ దాకా. పొద్దున మిర్యాలగూడ నుంచి వాడపల్లికి దిగండి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. మొదటి రోజు సాయంత్రం మనం చూసిన నీరు ఇక్కడ తన ప్రయాణం ముగించి పెద్ద నీటిలో చేరుతుంది. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి. బోయవాడు తరుముతున్న పక్షికి శివుడు శరణిచ్చి, దాని బదులు తన తలలోంచి మాంసం తీసుకోమన్నాడని స్థలపురాణం. లింగం మీద నీరు నిలిచే గుంటను ఆ కథకు సాక్ష్యంగా చూపిస్తారు. ఒక పిట్ట ప్రాణానికి దేవుడు తల ఒగ్గిన కథ రెండు నదుల ముందు కూర్చుని వినాలి. పిల్లలకు పక్షుల మీద దయ నేర్పడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

వాడపల్లి నుంచి నేరేడుచర్ల వైపు తిరిగితే పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా. జనవరిలో జరిగే ఉర్సుకు ఈ పల్లెల్లోని అన్ని మతాలవారూ దర్గాలోని సైదులుకు మొక్కడానికి వస్తారు. ఈ చుట్టుపక్కల హిందూ ఇళ్లలో సైదులు, సైదమ్మ అనే పేర్లు ఎందుకు వినిపిస్తాయో అక్కడికి వెళ్తే అర్థమవుతుంది.

అక్కడి నుంచి మఠంపల్లి మండలంలోని మట్టపల్లి. కృష్ణాతీరంలోని ఐదు నరసింహ క్షేత్రాల్లో వాడపల్లి ఒకటైతే మట్టపల్లి మరొకటి. గుహలో వెలసిన దేవుడు, ఎదురుగా నది, అవతలి ఒడ్డున పల్నాడు. దిగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు 45.77 టీఎంసీల నీటిని ఆపుతుంది. ఆ నీరు వెనక్కి తన్ని ఇక్కడి కృష్ణను సరస్సంత విశాలంగా మార్చింది. పొద్దున గాలి లేని వేళ నీరు కదలకుండా ఉంటుంది. చేపలు పట్టేవారి పడవలు వలలు తీసి ఒడ్డుకొస్తుంటాయి. నీటి సంగతి తెలిసిన ఆ బెస్తవారితో మాట్లాడండి. ఏ లోతులో ఏ చేప ఉంటుందో, ఏ గాలికి పడవ తీయకూడదో వారే చెప్పాలి.

ఇక్కడ గైడు దాచకుండా చెప్పాల్సిన మరో సంగతి ఉంది. ఈ అందమైన నీటి అడుగున పొలాలున్నాయి, ఇళ్లున్నాయి. చింతలపాలెం, మేళ్లచెరువు వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లు కొన్ని లేచి కొత్త కాలనీలకు చేరాయి. కృష్ణా డెల్టాలో పంటకు నీరు నిలవాలంటే ఇక్కడ వారు ఊరు వదలాల్సి వచ్చింది. సాగరు కింద మునిగిన పల్లెలదీ అదే కథ. నీటిని చూసి ముచ్చటపడే ప్రతి మనిషీ ఆ త్యాగాన్ని ఒక్క క్షణమైనా తలుచుకోవాలి.

మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి గుడి మీదుగా కోదాడ చేరండి. శివరాత్రికి వస్తే ప్రభబండ్లు, ఎడ్ల పందేలు చూడవచ్చు. మేలుజాతి ఎద్దులు బరువైన రాతిని లాగుతుంటే వాటిని బిడ్డల్లా పెంచిన రైతుల ముఖాలు చూడాలి. కోదాడలో పెద్దచెరువు కట్ట మీద సాయంత్రపు నడక. ఓపికుంటే ఖమ్మం వైపు పోయి పాలేరు జలాశయం. నిన్న పొద్దున మిర్యాలగూడ కట్ట మీద మన సైకిలు పక్కన పారిన సాగరు నీరు వచ్చి చేరేది అందులోనే. ఒడ్డున చేపల వేపుడు తిని, ఆ నీటి దారిని ఒకసారి మనసులో వెనక్కి నడిచి చూసుకుంటే మూడు రోజుల యాత్ర పూర్తయినట్టు.

ఏ కాలంలో రావాలి? అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. బతుకమ్మ రోజుల్లో వస్తే చెలకల్లో గునుగు, గుట్టల మీద తంగేడు విరగబూస్తాయి. ఊరి ఆడపడుచుల వెంట పొద్దున్నే పువ్వు కోయడానికి వెళ్లడం ఏ యాత్రా పట్టికలోనూ లేని ఆనందం. అప్పుడే సీతాఫలాలూ వస్తాయి. మాఘం దాటాక మోదుగలు ఎర్రబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ మహా కఠినం. తప్పనిసరై వస్తే పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే తిరగండి. నడిమధ్యాహ్నం తాటిచెట్ల కింద చల్లటి ముంజలు తింటూ కూర్చోండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. సాగరు కాలువ పైకి నిదానంగా కనిపించినా లోపల వడి ఎక్కువ. సిమెంటు గోడలు పాకుడు పట్టి జారుతాయి. దిగినవాడికి ఎక్కే పట్టు దొరకదు. కాళ్లు కడుక్కుందామని, ఫొటో దిగుదామని అంచుకు పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఏటా ఉంటున్నారు. కట్ట మీద పశువులు కాసే పెద్దాయన ఎవరైనా ‘అటు పోకుండ్రి బిడ్డా, జారుతది’ అంటే వెంటనే ఆగిపోండి. లాంచీలో, పడవలో లైఫ్ జాకెట్ వేసుకోకుండా కూర్చోవద్దు. గుట్టలెక్కేటప్పుడు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి, తేళ్లు, పాములు ఉంటాయి. మంచినీళ్లు ఎవరివి వారు మోసుకోవాలి. తిన్నాక మిగిలిన ప్లాస్టిక్ కవరు, తాగాక ఖాళీ అయిన సీసా తిరిగి మీ సంచిలోకే రావాలి.

చివరిగా, ఈ నేలను చూపించే మనుషుల గురించి. ఫణిగిరి దారి గొర్లకాపరికి తెలుసు. మట్టపల్లి నీరు బెస్తవారికి తెలుసు. కాలువ వంపులు దాన్ని కాసే లస్కరుకు తెలుసు. తాటివనం గౌడన్నకు తెలుసు. పక్షుల రాకపోకలు రైతుకు తెలుసు. వీళ్ల దగ్గరున్న ఈ జ్ఞానానికి ఇప్పటిదాకా ఎవరూ వెల కట్టలేదు. ఇదే ఊళ్లలో డిగ్రీ చదివి పని వెతుక్కుంటూ హైదరాబాదు బస్సెక్కే పిల్లలున్నారు. ఈ పెద్దల దగ్గర కూర్చుని వినడం, దానికి చరిత్ర పాఠం జోడించడం, ప్రథమ చికిత్స నేర్చుకోవడం, ఇంత చేస్తే ఆ పిల్లలు సొంత ఊళ్లోనే మంచి గైడులు కాగలరు. గ్రామ పంచాయతీలు, కాలేజీల చరిత్ర విభాగాలు, పర్యాటక శాఖ ఒకచోట కూర్చుంటే ఒక ఏడాదిలో ఈ పని మొదలవుతుంది. బడి పంతుళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పిల్లలను దూరపు ఊళ్లకు విహారయాత్రకు తీసుకెళ్లే ముందు ఒక్కసారి పిల్లలమర్రి చెరువుకట్ట మీద, మిర్యాలగూడ కాలువకట్ట మీద నడిపించండి. తన నీరు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిన పిల్లవాడు దాన్ని వృథా చేయడు.

ఈసారి సెలవులకు ఎక్కడికి పోదామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ పేర్లు కూడా చెప్పండి. బయలుదేరే ముందే అక్కడి మనిషిని ఒకరిని మాట్లాడుకోండి. ఆయన చెప్పింది శ్రద్ధగా వినండి. మీ వెంట నడిచిన ప్రతి రోజుకూ తగిన ప్రతిఫలం ఆయన చేతిలో పెట్టి, ఆయన చెప్పిన కథను మరో నలుగురికి చెప్పండి. ఈ నేల మీదికి మరో నలుగురు రావడానికి అదే దారి.